తప్పు ఎవరు కట్టాలి

మన ఎరుకల పంచాయతీల్లో ‘తప్పు’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. చేసిన పాడుపని తప్పే, దానికి కట్టే డబ్బూ తప్పే. ‘వాడు తప్పు చేసినాడు’ అంటారు. ‘పెద్దమనుషులు వాడికి తప్పు వేసినారు’ అంటారు. ‘తప్పు కట్టినాడు, అయిపోయింది’ అంటారు. నిఘంటువు రాసేవాళ్ళకు ఇది చిన్న సంగతి. మేము మాత్రం నేరం గురించి, శిక్ష గురించి, మనిషి లోపల మిగిలిపోయే బరువు గురించి ఆలోచించినప్పుడల్లా తిరిగి ఈ మాట దగ్గరికే వస్తున్నాము.

మా చిన్నతనంలో చింతచెట్టు కింద జరిగిన ఒక పంచాయతీ ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఒకాయన పక్క ఊరి మనవాళ్ళ పందిని రాత్రిపూట తోలుకొచ్చి అమ్ముకున్నాడు. అందరికీ తెలిసిపోయింది. ఆయన్ను కొట్టలేదు. పోలీసు స్టేషనుకూ పోలేదు. తలగుడ్డ విప్పించి నేలమీద కూర్చోబెట్టారు. ఏం చేసినాడో ఆయన నోటితోనే చెప్పమన్నారు. సగం చెప్పి ఆపితే, ‘మిగతాది కూడా చెప్పు’ అన్నారు. పంది ధర పంది సొంతదారుకు, పైన కొంత పంచాయతీకి. ఆ పంచాయతీ డబ్బుతోనే ఆ పూట అన్నం వండారు. పంది పోగొట్టుకున్నాయన, పంది దొంగిలించినాయన ఒకే బంతిలో పక్కపక్కన కూర్చుని తిన్నారు. తర్వాత ఒక నియమం చెప్పారు: ఇంక ఈ సంగతి ఎవరైనా ఎత్తితే, ఎత్తినవాడికి తప్పు పడుతుంది.

మన పంచాయతీలు స్వర్గాలని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆడవాళ్ళకు వేసిన తప్పులు వేరుగా ఉండేవి. మగవాడు చేసినదానికి ఆడదాన్ని నిలబెట్టిన పంచాయతీలున్నాయి. కాగే నూనెలో చెయ్యి పెట్టించి నిజం తేల్చిన కాలమూ ఉంది. తప్పు డబ్బును సారాకు తగలేసిన పెద్దమనుషులను మేమే చూశాము. అదంతా పోవలసిందే. కానీ ఆ పంది పంచాయతీలో ఉన్నదేదో, ఇప్పుడు మనం చూస్తున్న పెద్ద పెద్ద కోర్టు కేసుల్లో కనబడడం లేదు. అదేమిటో తెలుసుకోవాలనే ఈ వ్యాసం.

మన కొండమీదికి పోదాం. 2009 జూన్‌లో తిరుమల వెంకటేశ్వరస్వామికి ఒక వజ్రాల కిరీటం వచ్చింది. దాని విలువ 40 కోట్ల పైమాటే అని పత్రికలన్నీ రాశాయి. ఇచ్చినవాడు అప్పటి కర్ణాటక మంత్రి, గనుల యజమాని గాలి జనార్దనరెడ్డి. ఆయన తండ్రి మన చిత్తూరు జిల్లా నుంచి బళ్ళారికి పోయిన పోలీసు కానిస్టేబులు. కానిస్టేబులు కొడుకు ఒక తరంలోనే దేవుడికి కిరీటం పెట్టేంతవాడయ్యాడని మన ఊళ్ళలో కూడా గొప్పగా చెప్పుకున్నారు. అదే సంవత్సరం డిసెంబరులో అనంతపురం జిల్లా ఓబుళాపురం గనులమీద సి.బి.ఐ. కేసు పెట్టింది. 2011 సెప్టెంబరు 5న ఆయన అరెస్టయ్యాడు. మరుసటి ఏడాది ఆయన బెయిలు కోసం న్యాయమూర్తికే డబ్బు ముట్టిందన్న ఆరోపణ వచ్చి, ఆ న్యాయమూర్తే సస్పెండై జైలుకు పోయాడు. మూడేళ్ళకు పైగా జైల్లో ఉండి 2015 జనవరిలో జనార్దనరెడ్డి బయటికొచ్చాడు. సొంత పార్టీ పెట్టి 2023లో గంగావతి నుంచి శాసనసభకు గెలిచాడు. 2025 మే 6న హైదరాబాదు సి.బి.ఐ. కోర్టు ఆయనకు ఏడేళ్ళ శిక్ష వేసింది. ఆ తర్వాతి నెలలోనే తెలంగాణ హైకోర్టు శిక్ష అమలును ఆపి బెయిలిచ్చింది. అప్పీలులో ఏం తేలుతుందో తేలనీ, అది కోర్టు పని.

మా ప్రశ్న కిరీటం గురించి. ఆయన అరెస్టయినప్పుడు, ఆ కిరీటాన్ని దేవుడి తలమీద ఉంచాలా, తిప్పి పంపాలా అని తిరుపతిలో పెద్ద చర్చే నడిచింది. టీ కొట్ల దగ్గర, బస్టాండులో అదే మాట. కొందరు ‘పాపపు సొమ్ము’ అన్నారు. కొందరు ‘ఇచ్చినాక అది స్వామిది, ఎవరిచ్చినారని చూస్తామా’ అన్నారు. ఈ రెండో మాట తీసిపారేయదగింది కాదు. హుండీలో పడే రూపాయికి పేరుండదు. చెమట రూపాయీ, లంచం రూపాయీ పరకామణిలో ఒకే కుప్పలో పడతాయి. తిరుమలలో ‘నిలువుదోపిడి’ అని ఒక మొక్కు ఉంది. ఒంటిమీదున్న నగలన్నీ నిలబడినచోటనే ఒలిచి హుండీలో వేయడం. దోపిడి అనే మాటకు చేతులెత్తి మొక్కేది లోకంలో ఆ ఒక్కచోటే అనుకుంటాము. అందులో ఒక నిజాయితీ ఉంది. తన ఒంటిమీదిది తాను ఒలుచుకుంటున్నాడు.

మరి కిరీటం అట్లాంటిదేనా? ఇచ్చినాయన మనసులో భయముందో, భక్తి ఉందో, గర్వముందో మనకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. తెలిసినది ఒక్కటే. ఇనుపరాయి పోయినది ఓబుళాపురం కొండల నుంచి. దుమ్ము పడినది అక్కడి చేలమీద. రాష్ట్రాల సరిహద్దులో జనం ఎప్పటినుంచో కొలుచుకుంటున్న సుంకులమ్మ గుడి కూడా 2006లో ఆ గనుల నడుమ నేలమట్టమైంది. కిరీటం పోయినది మాత్రం ఏడుకొండలకు. పంది పోగొట్టుకున్నవాడు ఒకడు, డబ్బు ముట్టినది ఇంకొకడికి. మన చింతచెట్టు కింద ఇది నడవదు. ‘పంది సొంతదారు ఎక్కడరా?’ అని మొదటే అడుగుతారు.

ఇక్కడే ఇంకొక సంగతి చెప్పాలి, మా వాదానికి అది కొంచెం అడ్డం వస్తుంది గనుక. 2023 ఏప్రిల్‌లో ఆ పరకామణిలోనే విదేశీ నోట్లు దొంగిలిస్తూ ఒక మఠం గుమాస్తా పట్టుబడ్డాడు. దొరికిన నోట్లు కొన్నే. ఆయన కుటుంబం మాత్రం కోట్ల విలువైన ఆస్తులు దేవస్థానానికి రాసిచ్చింది. లోక్ అదాలత్‌లో రాజీ అయి కేసు మూసేశారు. సొంతదారుకే, అదీ పోయినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా, తప్పు కట్టినట్టే కదా? అయినా జనానికి మనసొప్పలేదు. 2025లో హైకోర్టు ఆ రాజీని ప్రశ్నించి సి.ఐ.డి. విచారణకు ఆదేశించింది. ఎందుకు మనసొప్పలేదు? తప్పు కట్టాడు గానీ తప్పు చెప్పలేదు. ఎన్నాళ్ళుగా తీశాడు, ఎంత తీశాడు, ఎవరికి తెలుసు, ఎవరు చూసీ చూడనట్టు పోయారు అన్నది నలుగురి ముందూ ఆయన నోటివెంట రాలేదు. ‘మిగతాది కూడా చెప్పు’ అన్నవాళ్ళు అక్కడ లేరు. డబ్బు మాత్రమే మాట్లాడితే తప్పు సగమే తీరుతుంది. డబ్బున్నవాడికి ఆ సగం తీర్చడం బరువే కాదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రానికి వచ్చిందీ అదే 1911లో. ఉత్తరాన 1871లోనే పుట్టిన చట్టం అది. దాని కింద ఎరుకలవాళ్ళను, ఇంకా ఎన్నో జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా రాసుకున్నారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటితే పాసు. కావలిలో, స్టువర్టుపురంలో, సిద్ధాపురంలో సెటిల్మెంట్లు పెట్టి మనవాళ్ళను తోలారు. స్టువర్టుపురం పేరు కూడా మనది కాదు, హెరాల్డ్ స్టువర్ట్ అనే దొర పేరు. బిడ్డ పొత్తిళ్ళలో ఉన్నప్పుడే తప్పు వేశారు. ఆ తప్పు ఎంతో చెప్పలేదు, ఎవరికి కట్టాలో చెప్పలేదు. ఎంత కట్టినా తీరని తప్పు అది.

నవ్వొచ్చే ముచ్చట ఒకటుంది. పద్మావతీ కల్యాణ కథలో శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం వేసుకుని, గద్దెబుట్ట పట్టుకుని నారాయణవనం పోయి రాణిగారికి సోది చెప్పాడు కదా. అదే ఆ స్వామి 1911 తర్వాత పోయి ఉంటే, పుత్తూరు దాటకముందే పాసు చూపించమని నిలబెట్టేవాళ్ళు. మన వేషం వేసుకున్న దేవుడికి కల్యాణం జరిగింది. ఆ వేషంలోనే పుట్టినవాళ్ళం మాత్రం స్టేషనుకు పోయి సంతకం పెట్టాము.

ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. దాని నీడ పోలేదు. అలవాటు నేరస్థుల చట్టాలని కొత్త పేరుతో వచ్చాయి. జైళ్ళ నియమాల్లో మన విముక్త జాతుల పేర్లు ఇంకా ఉన్నాయని, అవి చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది ఎప్పుడో కాదు, 2024 అక్టోబరు 3న. స్టువర్టుపురం పేరుతో 1991లో ఒక సినిమా, ఆ ఊరి మనిషి కథతో 2023లో ఇంకొక సినిమా వచ్చాయి. ఆ ఊళ్ళో టీచర్లున్నారు, ఉద్యోగులున్నారు, చీరాల పొగాకు కంపెనీలో తరాలు అరగదీసుకున్న కూలీలున్నారు. వాళ్ళ మీద సినిమా ఎవరూ తీయలేదు.

మాలో ఒకరికి హాస్టలు రోజుల్లో జరిగింది రాస్తున్నాము. పరీక్ష ఫీజు డబ్బు కనబడలేదు. నలభైమంది పిల్లల్లో మొదట వెతికింది ముగ్గురి పెట్టెలు. ఇద్దరు ఎరుకల పిల్లలు, ఒక యానాది పిల్లవాడు. డబ్బు మూడోరోజు ఒక రిజిస్టరు అట్ట మధ్యన దొరికింది. అక్కడ పెట్టి మరచిపోయినది పెద్దవాళ్ళే. ‘దొరికిందిలే, పోండి’ అన్నారు. అంతే. ఆ ముగ్గురికీ ఎవరూ తప్పు కట్టలేదు. ఆ యానాది పిల్లవాడు దసరా సెలవులకు ఇంటికి పోయి మళ్ళీ రాలేదు.

చేయని పనికి సిగ్గుపడడం మనకు అట్లా అలవాటయింది. చేసిన పనికి సిగ్గులేకపోవడం పెద్దవాళ్ళకు అలవాటయింది. సిగ్గు ఒకచోట, నేరం ఇంకొకచోట కాపురముంటున్నాయి. మన బడుల్లో నీతి పాఠం చెప్పే టీచర్లు దీన్ని గట్టిగా పట్టుకోవాలని మా మనవి. ‘దొంగతనం చేయకూడదు’ అని మన పిల్లవాడికి చెప్పేటప్పుడు, వాడు ఆ మాటను ఎన్నోసార్లు, ఏమీ చేయకముందే విన్నాడని గుర్తుపెట్టుకోవాలి. వాడి చెవికి అది నీతిలాగా వినబడదు, కేసులాగా వినబడుతుంది.

అయితే ఇంతటితో ఆపితే మనం కూడా సగమే చెప్పినవాళ్ళం అవుతాము.

2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున చంద్రగిరి మండలంలో, శేషాచలం అడవిలో, ఎర్రచందనం కూలీలు 20 మంది పోలీసు కాల్పుల్లో చచ్చిపోయారు. అందరూ తమిళనాడు వాళ్ళు. చాలామంది మలయాళీ గిరిజనులు, అంటే మన వరుసవాళ్ళే. వాళ్ళ చేతికి వచ్చేది రోజుకూలి. దుంగ విలువ దేశం దాటాక లక్షలు. అంతకు ఏడాదిన్నర ముందు, 2013 డిసెంబరులో, అదే శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులను స్మగ్లర్ల మనుషులు చంపారు. వాళ్ళకూ భార్యాబిడ్డలున్నారు. ఆ 20 శవాలకు మనం ఏడ్చినట్టే ఈ ఇద్దరికీ ఏడవాలి. లేకపోతే మన ఏడుపుకు విలువ లేదు.

అడవి దారులు యానాదులకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. మన పిల్లవాడి దగ్గరికి మోటారు సైకిలుమీద ఒకడు వస్తాడు. ‘గొడ్డలి పట్టుకోనక్కరలేదు, దారి చూపిస్తే చాలు’ అంటాడు. నెల కూలిని ఒక రాత్రికి ఇస్తానంటాడు. పిల్లవాడు మా దగ్గరికి వచ్చి, ‘ఎట్లా అయినా మనల్ని దొంగలనే అంటారు కదన్నా, మరి ఆ డబ్బెందుకు వదులుకోవాల?’ అంటే ఏం చెప్పాలి? ఇది పుస్తకాల్లో ప్రశ్న కాదు. దీనికి ‘పట్టుబడతావు’ అని చెప్పడం జవాబు కాదు. పట్టుబడకపోతే సరేనా అని అడుగుతాడు.

మేము చెప్పే జవాబు ఇది. వాళ్ళు నీమీద రాసింది అబద్ధమని నువ్వు ఎవరి ముందు నిలబడి అయినా చెప్పగలవు. మీ తాత చెప్పగలిగాడు. సంతకం పెట్టేటప్పుడు కూడా, ‘నేను చేయలేదు’ అన్న మాట ఆయన దగ్గర మిగిలి ఉంది. భూమి లేదు, ఇల్లు లేదు, ఆ మాట ఉంది. బండిమీద వచ్చినవాడు కొనేది దారిని కాదు, ఆ మాటను. ఈ జవాబుతో కడుపు నిండదని మాకు తెలుసు. కడుపు సంగతి వేరే చూడాలి. పట్టా భూమి, ఉపాధి హామీ పని, అటవీ హక్కుల చట్టం, వాటికోసం మండలాఫీసు ముందు కూర్చోవడం, అది కూడా టీచర్ల పనే. ఉత్త జవాబు ఇచ్చి పంపిస్తే పిల్లవాడు మోటారు సైకిలు ఎక్కుతాడు, తప్పు మనకు పడుతుంది.

ఇంకొక చేదు సంగతి. మధు కోడా మనవాడే. జార్ఖండు హో గిరిజనుడు, గనుల్లో కూలిపని చేసి పైకొచ్చినవాడని చెబుతారు. 2006లో ఏ పార్టీ లేకుండా ఒంటరి శాసనసభ్యుడిగా ముఖ్యమంత్రి అయ్యాడు. మనవాళ్ళెంతమంది ఆ రోజు సంతోషపడ్డారో. 2017 డిసెంబరులో ఢిల్లీ ప్రత్యేక కోర్టు బొగ్గు గనుల కేసులో ఆయనకు మూడేళ్ళ శిక్ష, 25 లక్షల జరిమానా వేసింది. ‘గిరిజనుడు గనుక ఇరికించారు, పెద్ద కులాలవాళ్ళు తింటే కనబడలేదా’ అన్నారు మన సభల్లో. కనబడలేదన్నది నిజమే కావచ్చు. కానీ ఆ గనుల కింద ఉన్న నేల ఎవరిది? ఆదివాసులది. పంది సొంతదారు మనవాడు, తోలుకుపోయినాడని కోర్టు చెప్పినవాడు మనవాడు. మనం ఎవరి పక్కన కూర్చోవాలి? జనార్దనరెడ్డిని ఏ కొలతతో కొలిచామో, కోడాను అదే కొలతతో కొలవలేకపోతే, మనం అడుగుతున్నది న్యాయం కాదు, వంతు.

పెద్దవాళ్ళ పతనం అని పత్రికలు రాస్తాయి. పతనం చూడటానికి బాగుంటుంది, మనకూ కసి తీరుతుంది. కానీ పడిపోవడం వేరు, తప్పు ఒప్పుకోవడం వేరు. పడినవాడు మళ్ళీ లేస్తాడు. జైలు గేటు దగ్గర పూలదండలుంటాయి, ఊరేగింపులుంటాయి, టికెట్లుంటాయి. పెద్దవాడు తన తప్పుతో ఒంటరిగా ఒక్క రాత్రి కూడా ఉండడు. చుట్టూ లాయర్లు, అనుచరులు, జోస్యం చెప్పేవాళ్ళు, ‘కక్షతో చేశారు సార్’ అనేవాళ్ళు. నేలమీద కూర్చోబెట్టేవాళ్ళు, ‘మిగతాది కూడా చెప్పు’ అనేవాళ్ళు ఎవరూ మిగలరు. అధికారమంటే అదే కాబోలు. మన ఎరుకలాయనకు ఒక్క కేసుంటే చాలు, ముసలితనం దాకా స్టేషనువాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. అక్కడ తప్పు పుట్టదు, ఇక్కడ తప్పు చావదు.

ఆ పంది దొంగిలించినాయన సంగతి చెప్పి ఉండవలసింది. తర్వాత పదిహేనేళ్ళు బతికాడు. మా గుడిసెలవాళ్ళు సంతకు పోయేటప్పుడు చీటీ డబ్బులు ఆయన దగ్గరే పెట్టిపోయేవాళ్ళు.

మొన్న వేసవి ముందు, మాలో టీచరుగా ఉన్న ఒకరి తరగతిలో సెల్‌ఫోను కనబడలేదు. తెలియకుండానే చూపు మొదట ఒక పిల్లవాడి మీదికి పోయింది. మన కాలనీ పిల్లవాడే. అడగలేదు, చూపు మాత్రమే. పిల్లవాడు ఆ చూపును పట్టుకున్నాడు. ఫోను ఆఫీసు గదిలో చార్జింగులో ఉంది. మరుసటిరోజు ఆ టీచరు తరగతి ముందు నిలబడి, నిన్న నా కన్ను ఎవరిమీదికి పోయిందో, ఎందుకు పోయిందో చెప్పి, ‘నాకు తప్పు వేయండి’ అన్నారు. పిల్లలు గుసగుసలాడుకుని, అందరికీ తలా ఒక వేరుశనగ చిక్కీ అని తేల్చారు. ముందుగా ఆ పిల్లవాడికే ఇచ్చారు. వాడు తీసుకున్నాడు గానీ తినలేదు. జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు.